పిల్లలు ఏడిస్తే తనూ ఏడ్చే అమ్మాయికి ఈ ఉద్యోగం సరిపోతుందా?

ప్రశ్న: నేను ఆనందపురం దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని సార్. మా అమ్మాయి విశాఖలో బీఏ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చెయ్యమంటే వినడం లేదు. లైంగిక వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే సెంటర్లో ఉద్యోగం చేస్తానంటోంది. అమెరికాలో చైల్డ్ అడ్వకసీ సెంటర్లని ఉంటాయట, అక్కడ ఎవరెవరు ఏం చేస్తారో వీడియోలు చూసి నాకు చెబుతూ ఉంటుంది. అలాంటి ఉద్యోగాలు మన దగ్గర ఉన్నాయా? జీతం ఎంత వస్తుంది? ఇంకో భయం కూడా ఉంది. దానికి మనసు మరీ మెత్తన. మొన్న మా సెంటర్లో ఒక పిల్లాడు పడి తల చిట్లితే వాడితో పాటు అదీ ఏడ్చేసింది. ఏడుస్తూనే వాణ్ని ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, కుట్లు వేసేదాకా చెయ్యి వదల్లేదనుకోండి. ఇలాంటి పిల్ల రోజూ ఆ కష్టాలన్నీ వింటూ తట్టుకోగలదా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మాటని మీరు "అనుకోండి" అని తేలిగ్గా దాటేశారు. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను. ముందు మీ అమ్మాయి చూస్తున్న ఆ సెంటర్ల సంగతి చెబుతాను.

1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, హంట్స్‌విల్ అనే ఊళ్లో మొదటి సెంటర్ మొదలైంది. దాని వెనక ఉన్నది బడ్ క్రేమర్ అనే ప్రాసిక్యూటర్. అప్పటిదాకా ఒక పిల్ల తనకు జరిగిన ఘోరాన్ని పోలీసుకి ఒకసారి, డాక్టర్‌కి ఒకసారి, సంక్షేమ శాఖ వాళ్లకి ఒకసారి, లాయర్‌కి ఒకసారి చెప్పుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగేది. చెప్పిన ప్రతిసారీ ఆ గాయం మళ్లీ రేగేది. అలా కాకుండా, అందరూ కలిసి పిల్ల ఉన్నచోటికే వచ్చి ఒక్కసారే వినాలన్నది ఆ సెంటర్ ఆలోచన. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటివి 900కు పైగా ఉన్నాయి.

ఆ సెంటర్లో పిల్లతో మాట్లాడే మనిషిని ఫోరెన్సిక్ ఇంటర్వ్యూయర్ అంటారు. గదిలో పిల్ల, ఆ ఇంటర్వ్యూయర్ తప్ప మూడో మనిషి ఉండరు. పోలీసు, ప్రాసిక్యూటర్, సంక్షేమ అధికారి పక్క గదిలో తెర మీద చూస్తుంటారు. ఈ పనికి జాలి కన్నా ఎక్కువ కావలసింది ఓర్పు. "ఆ మావయ్య నిన్ను ముట్టుకున్నాడా?" అని అడిగితే పెద్దవాళ్లకు కావలసింది అదేనేమో అనుకుని పిల్ల తల ఊపేస్తుంది. రేపు కోర్టులో ఆ తల ఊపడానికి విలువ ఉండదు. "ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు" అని అడిగి ఊరుకోవాలి. ఎంతసేపు మౌనంగా ఉన్నా మాట అందించకూడదు. "ఆ... తర్వాత?" అన్నదే ఆమె దగ్గరుండే పెద్ద పనిముట్టు.

మన తెలుగులో దీనికి ఇంకో చిక్కుంది. మన పిల్లలకు కిరాణా కొట్టాయన మావయ్యే, ఆటో డ్రైవర్ మావయ్యే, అమ్మ తమ్ముడూ మావయ్యే. "మావయ్య" అని పిల్ల అనగానే వినేవాళ్లు తమకు తోచిన మనిషిని ఊహించుకుంటే కేసు తప్పుదారి పడుతుంది. "ఏ మావయ్య? నీకు ఎంతమంది మావయ్యలున్నారు?" అని నెమ్మదిగా విడదీసుకుంటూ రావాలి. ఇది వీడియోలు చూసి వచ్చేది కాదు. పిల్లల మధ్య పెరిగిన మీ అమ్మాయికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదేమో కూడా.

రెండో మనిషి అడ్వకేట్. నల్లకోటు లాయర్ అని పొరబడకండి. కుటుంబం పక్కన నిలబడే మనిషి. గుమ్మంలో అడుగు పెట్టినప్పటి నుంచి తీర్పు వచ్చేదాకా ఆ తల్లికి ఫోన్ చేసేది, తర్వాత ఏం జరగబోతోందో చెప్పేది, పరిహారం కాగితాలు నింపడంలో సాయం చేసేది ఈవిడే. మిగిలిన వాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. పరీక్ష చేసే డాక్టర్ లేదా నర్సు ఉంటారు. నెలల తరబడి పిల్లతో కూర్చుని భయం పోగొట్టే థెరపిస్ట్ ఉంటారు. ఈ శాఖలన్నింటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఏ కేసు ఎంతవరకు వచ్చిందని అడిగే కోఆర్డినేటర్ ఉంటారు. పైన డైరెక్టర్ ఉంటారు.

ఇక్కడ మీ అమ్మాయి బాగా పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉంది. వీళ్లలో ఎవరూ పక్కవాళ్ల పని చెయ్యరు. ఇంటర్వ్యూ చేసిన మనిషి ఆ పిల్లకు థెరపీ ఇవ్వదు. థెరపిస్ట్ సాక్ష్యం రాబట్టడానికి ప్రశ్నలు వెయ్యదు. అడ్వకేట్ అసలు జరిగిందేమిటో పిల్లని అడగనే అడగదు. మెత్తని మనసున్న వాళ్లకు ఇదే కష్టం. అన్నీ నేనే చేసేయాలి, ఈ పిల్లని నేనే కాపాడాలి అనిపిస్తుంది. నా పని ఇక్కడితో ఆగుతుంది అని తెలుసుకున్న అమ్మాయే ఈ రంగంలో పదేళ్లు నిలబడుతుంది.

ఇక మన దగ్గర. ఇలాంటిది తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 2016లో హైదరాబాద్‌లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా సెంటర్ ఈ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. విశాఖలో చూస్తే పనులన్నీ ఉన్నాయి కానీ ఒక్కో కుర్చీ ఒక్కో ఆఫీసులో ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టమే వాటన్నిటినీ కలిపే దారం. ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పిల్ల స్టేట్‌మెంట్‌ని ఇంటి దగ్గరో, పిల్లకు నచ్చిన చోటో, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సైయే తీసుకోవాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చెయ్యాలి. కోర్టులో డిఫెన్స్ లాయర్ పిల్లని నేరుగా ప్రశ్నించడానికి వీల్లేదు, ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలి. ఇవన్నీ మీ అమ్మాయి కంఠతా పట్టాల్సినవి.

అమెరికా సెంటర్లో అడ్వకేట్ చేసే పనికి మన చట్టంలో దగ్గరి పేరు సపోర్ట్ పర్సన్. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్ల, తల్లిదండ్రులు ఒప్పుకుంటే సంక్షేమ కమిటీ ఒకరిని తోడుగా ఇస్తుంది. దర్యాప్తు మొదలు విచారణ పూర్తయ్యేదాకా ఆ మనిషి పక్కనే ఉంటారు.

చాలా ఏళ్ల కిందట నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఈ పని చేస్తోంది. సాక్ష్యం ఉన్న రోజుకు ముందే వీలు చూసుకుని పిల్లకు ఖాళీ కోర్టు హాలు చూపిస్తుందట. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, నువ్వెక్కడ కూర్చుంటావు, బాత్రూం ఎటు అన్నీ. వాయిదా రోజు ఆమె సంచిలో నీళ్ల సీసా, గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్, నాలుగు స్కెచ్ పెన్నులు, తెల్ల కాగితాలు ఉంటాయి. నిందితుడి తరఫు చుట్టాలు వరండాలో ఎటు కూర్చున్నారో ముందు తను వెళ్లి చూసి, పిల్లని రెండో వైపు మెట్ల మీదుగా తీసుకొస్తుంది. వాయిదా పడితే ఆ సంగతి తల్లికి మెల్లగా చెప్పి, పోయిన కూలీ గురించి ఆవిడ పడే బాధ కూడా వింటుంది. ఇంత చేస్తుంది కానీ "కోర్టులో ఇలా చెప్పమ్మా" అని ఒక్క మాట నేర్పదు. నేర్పిన మాట ఒక్కటి దొరికినా అవతలి లాయర్ దాన్నే పట్టుకుని మొత్తం అబద్ధమంటాడు. ఇన్నేళ్లలో ఆమె నా ముందు ఒక్క పిల్ల పేరు గానీ ఊరు గానీ ఎత్తలేదు. ఆ ఒక్క లక్షణం చాలు, ఆమెను ఉద్యోగంలో పెట్టుకోవడానికి.

పల్లెల్లో ఈ పని ఇంకా బరువు. మీకు తెలియనిది కాదు. పెద్దమనుషులు కూర్చుని "పిల్ల భవిష్యత్తు చూసుకోండి, బయటపడితే పెళ్లి కాదు" అని రాజీకి తెస్తారు. ఆ పూట ఆ తల్లి పక్కన ఎవరూ లేకపోతే కేసు అక్కడే ఆగిపోతుంది. పాడేరు వైపు నుంచి వచ్చే పిల్లల్లో తెలుగు బాగా రానివాళ్లు, ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం దుబాసీని, వినికిడి లోపమో బుద్ధిమాంద్యమో ఉన్న పిల్లల కోసం స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టాలని చట్టంలోనే ఉంది. మీరు బీఈడీ అంటున్నారు కాబట్టి చెబుతున్నాను: స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేస్తే టీచర్ ఉద్యోగానికి దారి ఉంటుంది, ఈ పనికీ తలుపు తెరిచే ఉంటుంది. మీ ఇద్దరి మాటా నెగ్గే దారి అది. కాకపోతే అమ్మాయికి ఇష్టముంటేనే.

జీతం గురించి దాపరికం లేకుండా చెబుతాను. ప్రభుత్వం వైపు ఈ ఉద్యోగాలు ఎక్కువగా జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో, మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద, కాంట్రాక్టు మీద ఉంటాయి. నోటిఫికేషన్లలో వచ్చే జీతాలు చూడండి: కౌన్సెలర్‌కి, సోషల్ వర్కర్‌కి నెలకు 18,536 రూపాయలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్‌కి 27,804. ఊళ్లు తిరిగే ఔట్‌రీచ్ వర్కర్‌కి 10,592. చేసే పనికి ఇది తక్కువ. ఆ మాట గట్టిగా అనాల్సిందే. అంగన్‌వాడీలో పనిచేస్తున్న మీకు నేను చెప్పేదేముంది. ఇవి కాక హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్లు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, రైల్వే స్టేషన్లలోని చైల్డ్ హెల్ప్ డెస్క్‌లు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. మొదటి మూడేళ్లు అనుభవం కోసం అనుకుని, ఆ తర్వాత థెరపీ వైపో, శిక్షణ ఇచ్చే వైపో, పెద్ద సంస్థల వైపో వెళ్లేవాళ్లే ఎక్కువ.

చదువు సంగతి. బీఏ సైకాలజీ తర్వాత నా మొదటి సలహా ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఆంధ్రా యూనివర్సిటీలోనే చదవొచ్చు, ఇంటి నుంచి దూరం పంపక్కర్లేదు. ఆ కోర్సులో ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. దాన్ని ఏదో ఒక సర్టిఫికెట్ కోసం కానివ్వకుండా బాలల సంరక్షణలోనే చెయ్యనివ్వమని డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి ప్రయత్నిస్తానంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. థెరపిస్ట్ కావాలంటే దారి పొడుగు: సైకాలజీలో పీజీ, ఆ పైన రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు. రెండు వారాల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్‌తో గాయపడిన పిల్లలకు థెరపీ ఇస్తామనే వాళ్ల దగ్గరికి మాత్రం పంపకండి, చేరడానికీ వద్దు, నేర్చుకోవడానికీ వద్దు. ఒకవేళ లా మీద మనసు మళ్లితే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. పోక్సో కోర్టులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే కనీసం ఏడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి.

ఇప్పుడు మీ అసలు భయానికి వస్తాను.

ఏడుపు వచ్చే అమ్మాయి ఈ పనికి పనికిరాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ ఎక్కడ ఏడుస్తుందన్నది ముఖ్యం. పిల్లలు చెబుతూ చెబుతూ మన మొహం చూస్తారు. మన కళ్లల్లో నీళ్లు కనబడితే "ఈ అక్కని నేను బాధపెట్టాను" అనుకుని అక్కడితో ఆపేస్తారు. మిగతాది మరెప్పటికీ చెప్పకపోవచ్చు. అందుకే ఇంటర్వ్యూ చేసే కుర్చీ మీ అమ్మాయికి ఇప్పుడప్పుడే వద్దనే నా అభిప్రాయం. సపోర్ట్ పర్సన్ పని మాత్రం సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది. ఎందుకో మీరే రాశారు. తల చిట్లిన పిల్లాణ్ని చూసి ఏడ్చింది, ఏడుస్తూనే ఆటో ఎక్కించింది, కుట్లు పూర్తయ్యేదాకా చెయ్యి వదల్లేదు. ఆ పనికి కావలసింది కుట్లు వెయ్యడం తెలిసిన మనిషి కాదమ్మా, చెయ్యి వదలని మనిషి.

అలాగని తట్టుకుంటుందిలే అని వదిలేయొద్దు. విన్న బాధ వినేవాళ్ల ఒంట్లోకి దిగుతుంది. నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ చిరాకు, ప్రతి మగాణ్నీ అనుమానంగా చూడటం, చివరికి ఏమీ అనిపించకపోవడం లాంటివి రావచ్చు. ఉద్యోగంలో చేరేముందు అక్కడివాళ్లని రెండు ప్రశ్నలు అడగమనండి. "కేసుల గురించి మాట్లాడుకోవడానికి నాకు ఒక సీనియర్ ఉంటారా, ఎన్నాళ్లకోసారి?" "ఒకరి చేతిలో ఒకేసారి ఎన్ని కేసులు ఉంటాయి?" ఈ రెంటికీ నేరుగా జవాబు రాని చోట జీతం ఎంతిచ్చినా చేరొద్దు. ఇంట్లో మీరు చెయ్యాల్సింది కూడా ఉంది. సాయంత్రం రాగానే "ఇవాళ ఏ కేసు వచ్చిందే?" అని అడగకండి. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు, అమ్మ అడిగింది కాబట్టి చెప్పకుండా ఉండలేదు, మధ్యలో నలిగిపోతుంది. అన్నం పెట్టి మాట్లాడండి, టీవీలో వచ్చే దాని గురించైనా సరే.

పీజీసెట్‌కి ఇంకా టైం ఉంటుంది కదా, ఈలోపు మీ సెంటర్లోనే ఒక పని చేసి చూడమనండి. మధ్యాహ్నం పిల్లలు పడుకుని లేచాక ఎవరినో ఒకరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని "నిన్న ఇంటికెళ్లాక ఏం చేశావు?" అని అడగాలి. పదినిమిషాల పాటు "తర్వాత?" అన్న మాట తప్ప ఇంకేమీ అనకూడదు, మాట అందించకూడదు, తప్పు దిద్దకూడదు. వారం రోజులు చేశాక ఎలా ఉందో తననే నాకు రాయమనండి.