విండోస్ తీసేస్తానంటున్న అబ్బాయి, పాస్‌వర్డ్ మార్చేసిన నాన్న

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫస్టియర్. లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి కాలీ లైనక్స్ వేసుకుంటానని పట్టుబట్టాడు. ఎప్పుడు చూసినా నల్ల స్క్రీన్ మీద ఏవేవో టైపు చేసే వీడియోలే చూస్తున్నాడు. సైబర్ సెక్యూరిటీలో బోలెడు ఉద్యోగాలున్నాయంటాడు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే భవిష్యత్తు ఉంటుందా? నా స్నేహితుడి కొడుకు విండోస్ మీదే చదివి మంచి కంపెనీలో చేరాడు. ప్రస్తుతానికి లాప్‌టాప్ పాస్‌వర్డ్ మార్చేసి నా దగ్గర పెట్టుకున్నాను. ఉబుంటు, మింట్, కాలీ, వీటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. ఇంట్లో పాత డెస్క్‌టాప్ కూడా ఒకటుంది. దానికి విండోస్ 11 ఎక్కదంటున్నారు. దాన్నేం చేయాలి?

జవాబు: అయ్యా, ముందు ఆ పాస్‌వర్డ్ అబ్బాయికి ఇచ్చేయండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పైకి అడిగేది ఏ సిస్టమ్ వేయాలనే. లోపలి భయం మాత్రం వేరు. పిల్లవాడు మనకు అంతుపట్టని దారిలో పోతున్నాడు, ఇప్పుడు ఆపకపోతే చేయి దాటిపోతాడేమో అన్నది ఆ భయం. మీ ఉత్తరంలో స్నేహితుడి కొడుకు ఉద్యోగం గురించి ఉంది కానీ మీ అబ్బాయి ఏ బ్రాంచో లేదు. సలహా చెప్పాలంటే నాకు కావలసింది ఆ రెండోదే. ఇంకొకరి పిల్లల ఉద్యోగాన్ని కొలబద్దగా పెట్టుకుని మన పిల్లల లాప్‌టాప్‌కు తాళం వేస్తే, వాడు కంప్యూటర్ మానేయడు, మీకు చెప్పడం మానేస్తాడు. మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఆ నల్ల స్క్రీన్‌ను చూసి కూడా బెదిరిపోనక్కర్లేదు. దాన్ని టెర్మినల్ అంటారు. మౌస్‌తో నొక్కి చేసే పనినే ఇక్కడ టైపు చేసి చెప్తారు, అంతే తేడా. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూడటం, ఫైలు పేరు మార్చడం, కొత్త అప్‌డేట్లు తెప్పించుకోవడం లాంటి మామూలు పనులే అక్కడ జరిగేవి. అలాంటి స్క్రీన్ విండోస్‌లోనూ ఉంది, మీరెప్పుడూ తెరిచి ఉండరు. హ్యాకర్లంటే నల్ల స్క్రీన్ అని సినిమాలు అలవాటు చేశాయి గానీ, సర్వర్లు నడిపే ఉద్యోగులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందే కూర్చుంటారు.

ఇక ఉచితం సంగతి. లైనక్స్ కూడా విండోస్ లాంటి సిస్టమే, ఉబుంటు, మింట్, కాలీ దాని రకాలు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు తన కంప్యూటర్ కోసం సరదాగా మొదలుపెట్టిన పనే ఈ లైనక్స్. మీ చేతిలోది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని లోపల నడిచేది ఆ లైనక్స్ కెర్నలే, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి భాగమే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఏడాదికి రెండుసార్లు వస్తుంది. 2017 నవంబరు నుంచి అందులోవన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. లైనక్స్‌నే నమ్ముకుని వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం దాదాపు 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. లైనక్స్ కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాన్ని రాసేవాళ్లలో చాలామందికి జీతాలిచ్చేది మాత్రం పెద్ద పెద్ద కంపెనీలే. కాబట్టి ఉచితంగా దొరికేది కనుక విలువలేనిదనే అనుమానం వదిలేయండి.

అసలు నాకు అభ్యంతరమున్నది కాలీ దగ్గర. మీ అబ్బాయికి నచ్చని మాట చెప్పబోతున్నాను.

కాలీ 2013లో వచ్చింది. నెట్‌వర్క్‌లలో, వెబ్‌సైట్లలో ఎక్కడ లోపాలున్నాయో అనుమతి తీసుకుని పరీక్షించే నిపుణుల కోసం, వాళ్లకు కావలసిన పరికరాలన్నీ ఒకచోట చేర్చిన సిస్టమ్ అది. లైనక్స్ కొత్తవాళ్లకు, రోజువారీ వాడకానికి మామూలు డెస్క్‌టాప్ కావలసినవాళ్లకు ఇది తగదని దాన్ని తయారుచేసినవాళ్లే తమ సూచనల్లో రాసి పెట్టారు. వీడియోలు చేసేవాళ్లు ఆ పేజీ చూపించరు. డ్రాగన్ బొమ్మ వాల్‌పేపర్ చూపిస్తే వచ్చినన్ని వ్యూస్ ఆ పేజీకి రావు మరి.

ఆ మోజులో పిల్లలు ఎక్కడ ఇరుక్కుంటారో నేను చూస్తూనే ఉన్నాను. మెనూ తెరిస్తే వందల కొద్దీ టూల్స్ కనిపిస్తాయి. ఒకటి నొక్కితే ఏదో ఐపీ అడ్రస్ అడుగుతుంది. ఐపీ అడ్రస్ అంటే ఏమిటో, పోర్ట్ అంటే ఏమిటో తెలియదు. వీడియోలో వాళ్లు కొట్టిన ఆదేశాన్ని ఉన్నదున్నట్టు కొడతాడు. ఏదో వస్తుంది లేదా ఎర్రర్ వస్తుంది. ఎందుకొచ్చిందో తెలియదు. కొన్ని వారాలకు విసుగొచ్చి, ఇది నా వల్ల కాదని మూసేస్తాడు. ఇంకొంత ఉషారైనవాడు పక్కింటి వైఫై మీద ప్రయోగం చేస్తాడు. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి చొరబడటం నేరం. సరదాకి చేశానంటే చట్టం ఊరుకోదు. మీరు భయపడాల్సిన విషయం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. దాన్ని పాస్‌వర్డ్ మార్చి ఆపలేరు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి.

సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం మంచిదే. కానీ అది కొత్తవాడిని పిలిచి హ్యాకింగ్ చేయమనే ఉద్యోగం కాదు. చేరిన కొత్తలో చేసేది ఎక్కువగా లాగ్ ఫైళ్లు (కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో నమోదైన చిట్టాలు) చదవడం, వచ్చిన అలర్ట్ నిజమో కాదో తేల్చడం, ఎవరికి ఏ ఫైలు మీద హక్కులున్నాయో చూడటం, చివరికి రిపోర్టు రాయడం. ఈ పనికి నెట్‌వర్కింగ్ రావాలి, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష రావాలి, మామూలు లైనక్స్ చేతి అలవాటు కావాలి. ఈ మూడూ లేకుండా కాలీ ఎక్కించుకోవడమంటే ఈత రాకుండా గజ ఈతగాడి దుస్తులు కుట్టించుకోవడమే. నెట్‌వర్క్‌ను పరిశీలించే ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్ లాంటి టూల్స్ ఉబుంటులో కూడా ఒక్క ఆదేశంతో వచ్చేస్తాయి. వాటికోసం సిస్టమ్ మొత్తం మార్చక్కర్లేదు. ఇంత చెప్పాక కూడా, సైబర్ సెక్యూరిటీ అని ముందే పేరు పెట్టి చేర్చుకునే కోర్సులన్నింటి మీదా నాకు ఇంకో సందేహం మిగిలే ఉంటుంది. పునాది రెండేళ్లు నేర్పకుండా టూల్స్ ఆరు నెలలు నేర్పితే, ఆ టూల్ మారిన రోజున పిల్లవాడి దగ్గర ఏం మిగులుతుంది?

పోల్చి చెప్పమన్నారు కదా, క్లుప్తంగా చెప్తాను. మింట్ విండోస్‌కు అలవాటుపడ్డ కంటికి హాయిగా ఉంటుంది. కింద ఎడమవైపు మెనూ ఉంటుంది, సిస్టమ్‌ను వెనకటి స్థితికి తెచ్చుకునే టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది. ఉబుంటుకు నెట్‌లో దొరికినంత సహాయం ఇంక దేనికీ దొరకదు. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే దాని ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్‌కు మామూలుగా ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. మింట్ కూడా లోపల ఉబుంటు మీద కట్టిందే, కాబట్టి ఒకదానిలో నేర్చుకున్నది రెండోదానిలో పనికొస్తుంది. ఫెడోరా అని ఇంకో లైనక్స్ రకం ఉంది, దానిలో అన్నీ కొత్తవి దొరుకుతాయి గానీ, ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ 13 నెలలకు అటూ ఇటూగా అయిపోతుంది. మొదటి ఏడాదికి మింటో ఉబుంటో, ఏదైనా ఒకటే. దీనికోసం వారాల తరబడి వాదించుకోకండి.

దేన్ని ఎంచుకున్నా విండోస్ తీసేయనక్కర్లేదు, ఇప్పుడే తీసేయకూడదు కూడా. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు లైనక్స్‌లో నడవవు. మెకానికల్, సివిల్ పిల్లలకు అవి తప్పవు. కొన్ని కాలేజీలు పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లైనక్స్ వెర్షన్ లేదు. మీ అబ్బాయిది కంప్యూటర్ సైన్స్ అయితే ఇబ్బంది తక్కువ. అందుకే బ్రాంచ్ ఏదని అడిగాను.

ఈ పేరాలు అబ్బాయికి చూపించండి.

బాబూ, ముందు ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకో, కనీసం 8 జీబీ. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని గుర్తుంచుకో. దానిలోకి, కంప్యూటర్ దాని నుంచే స్టార్ట్ అయ్యేలా, మింట్ ఎక్కించుకుని, దానితోనే కంప్యూటర్ స్టార్ట్ చెయ్యి. ఇన్‌స్టాల్ నొక్కకు, ఊరికే వాడి చూడు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ మేలుకుంటోందా చూసుకో. నెమ్మదిగా నడిస్తే కంగారు పడకు, పెన్‌డ్రైవ్ వేగం అంతే. నచ్చితే విండోస్ లోపలే వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిపే ప్రోగ్రామ్) వేసుకుని ఒక సెమిస్టర్ నడుపు. ర్యామ్ 16 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది, 8 ఉంటే కాస్త ఓపిక పట్టాలి. అక్కడ ఎంత పాడుచేసినా తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. పాడుచెయ్యి కూడా. ఎర్రర్ మెసేజ్ మొత్తం చదివే అలవాటు అలాగే వస్తుంది.

టెర్మినల్‌లో అడ్మిన్ హక్కులతో పని చేయించే సుడో ఆదేశాన్ని మొదటిసారి కొట్టినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. నువ్వు టైపు చేస్తుంటే చాలా సిస్టమ్‌లలో చుక్క కూడా కనపడదు. కీబోర్డు పాడైందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏమీ పాడవలేదు, కొట్టి ఎంటర్ నొక్కు.

రెండు సిస్టమ్‌లూ పక్కపక్కనే పెట్టుకునే డ్యూయల్ బూట్‌కు వెళ్లేది ఆ తర్వాతే. ఆ రోజున ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకో. తర్వాత బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ రాసిపెట్టుకో. కొత్త విండోస్ లాప్‌టాప్‌లు చాలావరకు డిస్క్‌ను వాటంతటవే లాక్ చేసుకుంటాయి, బూట్ సెట్టింగ్స్ కదిపితే ఆ పొడవాటి నంబరు అడుగుతాయి. అది లేకపోతే నీ ఫైళ్లు నీకే దొరకవు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపి వేయాలా అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. అసలు నష్టం జరిగేది ఆ ఒక్క చోటే. అక్కడ తొందరపడకు. అన్నీ అయ్యాక విండోస్‌లో గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తే అది వైరస్ కాదు. కంప్యూటర్ లోపలి గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయమని లైనక్స్ అనుకుంటుంది. లైనక్స్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. అదేదో నువ్వే వెతికి పట్టుకో.

మళ్లీ మీకు, అయ్యా. పాత డెస్క్‌టాప్ గురించి అడిగారు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని కంప్యూటర్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. మీది అలాంటిదే అయి ఉంటుంది. దాన్ని పడేయకండి, అబ్బాయికి ఇచ్చేయండి. విండోస్ మొత్తం తీసేసి లైనక్స్ ఒక్కటే వేసుకోవడానికి అది సరైన చోటు. పాతది కాబట్టి మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయమనండి. ఏడాది తర్వాత కూడా కాలీ మీద మనసు పోకపోతే అదీ ఆ డెస్క్‌టాప్‌లోనే వేసుకోనివ్వండి, అప్పటికి అది ఎందుకో వాడికే తెలిసి ఉంటుంది. డెస్క్‌టాప్ అప్పగించే ముందు అందులోని ఇంటి ఫొటోలు మాత్రం ఒక కాపీ తీసి పెట్టుకోండి.