ఓపెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? నా 'ప్లస్ వన్' భాగోతం

"ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, ఓపెన్ సోర్స్‌లో ఏదో ఒకటి చేయాలని ఉంది, కానీ పెద్ద ప్రాజెక్టుల కోడ్ తెరిస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు (ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరూ చూసి, మార్చుకోగలిగేలా తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్). కళ్లు తిరగడం మామూలే, పదేళ్లు దాటినా నాకూ తిరుగుతాయి. నన్నడిగితే ప్రాజెక్టు కోసం వెతకడమే మానేయండి. మీరు రోజూ వాడే లైబ్రరీల్లో (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) మిమ్మల్ని విసిగిస్తున్నది ఏదుందో దాన్ని పట్టుకోండి. నేను అలాగే, అదీ కాస్త సిగ్గుపడి, మొదలుపెట్టాను.

మా టీమ్ కోడ్‌లో రిపోర్టులు తయారుచేసే ఫైల్ ఒకటి ఉండేది. అందులో తేదీని స్ప్రెడ్‌షీట్‌లోకి పంపే ముందు దానికి ఒక రోజు కలిపేవాళ్లం. పక్కనే కామెంట్: "ఎందుకో తెలీదు, తీస్తే రిపోర్ట్ తప్పొస్తోంది, ముట్టుకోవద్దు." రాసినవాడు ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. నేనూ రెండేళ్లు దాని జోలికి పోలేదు. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి "ఈ ప్లస్ వన్ ఎందుకండీ?" అని అడిగింది. సీనియర్‌ని కదా, తెలీదని చెప్పడం నామోషీగా అనిపించి "రేపు చెప్తా" అనేసి, ఆ రాత్రి కూర్చుని, స్ప్రెడ్‌షీట్ రాయడానికి మేం వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీ కోడ్ తెరిచాను.

తీరా చూస్తే ఐదే ఐదు ఫైళ్లు. జావాస్క్రిప్ట్‌లో తేదీ అంటే ఉత్త తేదీ కాదు, లోపల అది యూటీసీ (గ్రీనిచ్ రేఖ లెక్కన నడిచే ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క. ఆ లైబ్రరీ ఏం చేస్తోందంటే, మన స్థానిక టైమ్‌లో అర్ధరాత్రి 12 గంటలకు తేదీని పుట్టించి, ఫైల్లో రాసేటప్పుడు మాత్రం దాన్ని యూటీసీలోకి మార్చి మొదటి పది అక్షరాలు, అంటే సంవత్సరం-నెల-రోజు, కత్తిరించుకుంటోంది. గ్రీనిచ్‌కి తూర్పున ఉన్నవాళ్లకి అర్ధరాత్రి అయ్యే సమయానికి యూటీసీలో ఇంకా ముందురోజే నడుస్తుంటుంది, కాబట్టి మార్చి 5 కాస్తా మార్చి 4 అయిపోతోంది. పడమర ఉన్నవాళ్లకి ఈ తేడా కనబడనే కనబడదు. అందుకే ఆ లైబ్రరీ రాసినాయన మెషీన్‌లో ఎప్పుడూ బాగానే పనిచేసింది.

ఆ లైబ్రరీ పేజీలో ఇష్యూ (బగ్ ఉందని ఫిర్యాదు) పెట్టాను. రెండు వారాలు చడీచప్పుడు లేదు. చిరాకేసి "ఏమైనా అప్‌డేట్ ఉందా? మాకు ప్రొడక్షన్‌లో ఇబ్బందిగా ఉంది" అని రాశాను. మర్నాడు మెయింటైనర్ (ఆ లైబ్రరీని చూసుకునే ఆయన) నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: "నా ఉద్యోగం వేరు, దీన్ని ఆదివారాలు చూస్తుంటాను. మీకు వీలైతే ఫెయిలయ్యే టెస్ట్ (బగ్‌ని బయటపెట్టే చిన్న కోడ్) ఒకటి పంపండి." మర్యాదగానే ఉంది గానీ నాకు చురుక్కుమంది. రెండేళ్లుగా పైసా ఇవ్వకుండా వాడుకుంటూ, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినట్టు మాట్లాడానన్నమాట.

సరే, టెస్ట్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో ఫెయిల్, వాళ్ల సర్వర్‌లో తనంతట తానే టెస్టులు నడిపే ఆటోమేటిక్ బిల్డ్‌లో పాస్. రెండు సాయంత్రాలు దానికే పోయాయి. చివరికి తెలిసిందేమిటంటే బిల్డ్ సర్వర్ గడియారం యూటీసీలోనే ఉంది, అక్కడ స్థానిక అర్ధరాత్రీ యూటీసీ అర్ధరాత్రీ ఒకటే, ఇక బగ్ ఎక్కణ్ణుంచి కనబడుతుంది? టెస్ట్ నడిపేటప్పుడు టైమ్ జోన్ సెట్టింగ్‌ని తూర్పు వైపు జోన్ ఒకదానికి మార్చి మళ్లీ నడిపితే అప్పుడు ఎర్రగా ఫెయిలైంది. ఫెయిలైన టెస్ట్ చూసి అంత సంతోషపడింది ఆ ఒక్కసారే. బాగుచేయడానికి పట్టింది నాలుగు లైన్లు. యూటీసీలోకి మార్చకుండా సంవత్సరం, నెల, రోజు విడివిడిగా స్థానిక టైమ్ నుంచే తీసుకోవడం, అంతే. రివ్యూలో మూడు మార్పులు అడిగారు, చేశాను, మెర్జ్ అయింది, అంటే నా మార్పు వాళ్ల కోడ్‌లో కలిసింది.

కొత్త రిలీజ్ వచ్చింది, మా ప్రాజెక్టులో అప్‌డేట్ చేశాం, ఆ సాయంత్రానికి రిపోర్టుల్లో తేదీలన్నీ ఒకరోజు ఎక్కువ చూపించాయి! మా ప్లస్ వన్ అక్కడే ఉంది మరి. బగ్ సరిచేసింది నేనే, దాని మీద వేసిన అతుకు తీయడం మర్చిపోయిందీ నేనే. అడిగిన అమ్మాయే దాన్ని తీసేసింది.

ఆ "ఏమైనా అప్‌డేట్ ఉందా" సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది 2024 మార్చిలో, ఎక్స్‌జెడ్ గొడవ బయటపడినప్పుడు. లినక్స్ సిస్టమ్స్‌లో విరివిగా వాడే కంప్రెషన్ లైబ్రరీ అది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న కంప్యూటర్‌లోకి సురక్షితంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోతే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దొరికింది. అర సెకను! మనమైతే నెట్ స్లోగా ఉందనుకుని ఊరుకుంటాం. ఆ దొంగదారి ఎలా చొరబడిందో చదివితే ఇంకా బాధేస్తుంది. మెయింటైనర్ దాదాపు ఒంటరిగా, అలిసిపోయి ఉన్నాడు. 2022లో ఎవరో ముక్కూమొహం తెలియని అకౌంట్ల నుంచి "ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) ఆలస్యమవుతున్నాయి, ఇంకెవరికైనా అప్పగించు" అని పోరు పెట్టారు. అప్పటికే బుద్ధిగా ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించిన ఇంకో 'సహాయకుడి' చేతికే చివరికి తాళాలు వెళ్లాయి. నేను రాసిన వాక్యమూ వాళ్లు రాసినవీ పక్కపక్కన పెడితే ఉద్దేశం తేడా తప్ప చదివేవాడి మీద పడే బరువు ఒకటే.

'రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్) స్పెల్లింగ్ దిద్దు, చాలు' అని చాలామంది చెప్తారు. నిజంగా తప్పుంటే దిద్దండి. లేని తప్పు వెతక్కండి. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కి కోడ్ పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చిన అక్టోబర్ కార్యక్రమం) టీషర్ట్ కోసం జనం పనికిరాని పుల్ రిక్వెస్టులు ('నా మార్పు కలుపుకోండి' అనే అభ్యర్థనలు) గుట్టలుగా పంపి మెయింటైనర్ల ప్రాణం తీశారు. ఒప్పుకున్న ప్రాజెక్టులకే వర్తించేలా నిర్వాహకులు ఆ ఏడాదే రూల్ మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఏఐతో రాయించిన బగ్ రిపోర్టులది అదే తంతు, మీరు నడిపి చూడని కోడ్‌ని ఎవరికీ పంపకండి.

ఇంకోటి, కోడ్ రాసేముందు వాళ్లు బయటివాళ్ల కోడ్ తీసుకుంటారో లేదో చూసుకోండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సోర్స్ మొత్తం పబ్లిక్ డొమైన్, ఎవరైనా వాడుకోవచ్చు, కానీ బయటి ప్యాచ్‌లు మామూలుగా తీసుకోరు. లైసెన్స్ ఫైల్ (వాడుకునే షరతులు చెప్పేది) లేని రిపోజిటరీ (కోడ్ పెట్టే చోటు) అయితే అది కనబడుతోంది కదా అని వాడేసుకునే హక్కు కూడా మనకు రాదు, ముందు అడగాలి.

రేపు ఆఫీసుకి వెళ్లాక మీ కోడ్‌లో "ముట్టుకోవద్దు", "తాత్కాలికం", "ఎందుకో తెలీదు" అని రాసిన కామెంట్లు వెతకండి. వాటిలో ఎన్ని లైబ్రరీల తప్పులో, ఎన్ని మీవో చూడండి. మాది వెతికితే ఇంకా పదకొండు తేలాయి. వాటిలో రెండు నేను రాసినవే.