ఆస్తమా ఉన్నవారు గుండెదడకు ప్రొప్రనొలాల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడుతున్నాను. ఈమధ్య గుండెదడ, చేతుల వణుకు ఎక్కువై, మా బావగారి ప్రొప్రనొలాల్ మాత్ర మూడు నాలుగుసార్లు వేసుకున్నాను. దడ తగ్గింది కానీ ఛాతీ పట్టేసి పిల్లికూతలు వచ్చాయి. గుండె మాత్రకు ఊపిరితిత్తులతో సంబంధమేమిటి? ఆల్ఫా, బీటా రిసెప్టర్లను ఎలా కనిపెట్టారు?

జవాబు: చరిత్ర తర్వాత చెబుతాను. ముందుగా, ఆ మాత్ర ఇంకొక్కటి కూడా వేసుకోకండి. ఒకటి రెండు రోజుల్లోనే ఛాతీ వైద్యులను కలవండి.

ఎడ్రినలిన్ అనే హార్మోను కొన్ని రక్తనాళాలను బిగించి, మరికొన్నింటిని ఎందుకు సడలిస్తుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ ఎడ్రినలిన్‌ను పోలిన మందులను ఒక్కో అవయవం మీద పరీక్షించి, వాటి బలాబలాలు రెండే రెండు వరుసల్లో వస్తున్నాయని గమనించారు. కాబట్టి రిసెప్టర్లు (కణాల మీద ఉండి హార్మోను లేదా మందు సంకేతాన్ని అందుకునేవి) రెండు రకాలని 1948లో ప్రతిపాదించి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. ఆ వ్యాసాన్ని మొదట ఒక పత్రిక తిప్పి పంపింది; అచ్చయ్యాక కూడా దాదాపు పదేళ్లు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. దాని విలువ గుర్తించిన జేమ్స్ బ్లాక్, గుండెలోని బీటా రిసెప్టర్లను అడ్డుకుంటే ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) తగ్గుతుందన్న ఆలోచనతో బ్రిటన్‌లో ప్రొప్రనొలాల్‌ను రూపొందించారు. 1988లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు.

మీ ఛాతీ పట్టేయడానికి కారణం ఇక్కడే ఉంది. బీటాలోనూ ప్రధానంగా గుండెలో బీటా-1, శ్వాసనాళాల్లో బీటా-2 అని రెండు రకాలున్నట్టు లాండ్స్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పింది 1967లో, అంటే ప్రొప్రనొలాల్ వచ్చిన తర్వాత. ఆ మందు రెండింటినీ మూసేస్తుంది. మీ ఇన్‌హేలర్ శ్వాసనాళాలను తెరిచేది ఆ బీటా-2 ద్వారానే కాబట్టి, మాత్ర వేసుకున్న రోజు అది కూడా సరిగా పనిచేయకపోవచ్చు. (ఈ బీటా-2 జన్యువును అమెరికా శాస్త్రవేత్త లెఫ్కోవిట్జ్ బృందం 1986లో వేరుచేసింది, ఆయనకు, ఆ బృందంలోని కోబిల్కాకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.)

నన్ను కలవరపెడుతున్నది మీరు రాయని విషయం: రోజుకు ఎన్నిసార్లు ఇన్‌హేలర్ పీలుస్తున్నారు? సాల్బుటమాల్ ఎక్కువైతే దడ, వణుకు వస్తాయి. అలా అయితే మీ ఆస్తమా అదుపులో లేదని, స్టెరాయిడ్ కలిసిన నివారణ ఇన్‌హేలర్ అవసరమని అర్థం కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయలో తేడా కూడా కారణాలు కావచ్చు కనుక, చూడకుండా తేల్చి చెప్పలేను. ఈసీజీ, రక్తపరీక్షలు చేయించండి.

కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు ఓపీలో రోజూ చూస్తుంటాను. మందు పేరు సగం, ఎక్స్‌పైరీ తేదీ సగం. ఇంట్లో ఒకరికి పడిన మాత్ర మరొకరికీ పడుతుందనుకోవడం మీవంటి చదువుకున్నవారు కూడా చేస్తే ఎలా? మీ బావగారు మాత్రం ఈ జవాబు చదివి తన మాత్రను హఠాత్తుగా ఆపకూడదు. అలా ఆపితే గుండెకు ప్రమాదం.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్‌తో ఉపశమనం రాకపోయినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, ప్రొప్రనొలాల్ వేసుకున్న సంగతి డ్యూటీ డాక్టరుకు మొదటే చెప్పండి.