టైగర్‌కి ఏ సూది ఎన్నాళ్లకోసారి?

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగావు కదా, టైగర్‌కి తొమ్మిదేళ్లు నిండాయి, ఇంకా ఏటా సూదులు వేయించాలా అని. గేటు దాటని ముసలి కుక్కకి ఇవన్నీ దేనికని అల్లుడు గారు అంటున్నారని కూడా చెప్పావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్ని టీకాలూ ప్రతి ఏడూ అక్కర్లేదు, అల్లుడు గారి మాటలో అంతవరకు నిజముంది. కానీ రెండు మాత్రం ఏటా పడాల్సిందే, కుక్కకి తొమ్మిదేళ్లున్నా పద్నాలుగున్నా సరే. ఒకటి రేబిస్, రెండోది లెప్టో, అంటే ఎలుకల నుంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్ జబ్బుకి వేసేది. రేబిస్ సంగతి అందరికీ తెలుసు. లెప్టోనే మనవాళ్లు వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

మా కుక్క భీముడు నీకు గుర్తుండే ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంశధార పొంగి మా వీధిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. వాడికి అప్పటికి పదేళ్లు. చిన్నప్పుడు అన్నీ వేయించాం, ముసలివాడయ్యాడు, ఇంక చాల్లే అనుకొని అంతకు ముందు రెండేళ్లుగా రేబిస్ తప్ప ఇంకేదీ వేయించలేదు. నీళ్లు తీసిన పది రోజులకి వాడు గిన్నె దగ్గరికి రావడం మానేశాడు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. మర్నాడు చూస్తే కళ్లలో తెలుపంతా పచ్చబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. నాలుగో రోజు తెల్లవారుజామున మీ పెద్దమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. ఆ సూది వేయించి ఉంటే బతికేవాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. నీకు ఆ బాధ రాకూడదని చెబుతున్నాను.

లెప్టో క్రిమి ఎలుకల మూత్రంలో ఉంటుంది. తడి మట్టిలో, నిలవ నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. కుక్క ఆ నీళ్లు తాగినా, కాలి మీద చిన్న గీతలాంటి పుండున్నా చాలు, ఒంట్లోకి వెళ్లిపోతుంది. కుక్క మూత్రం నుంచి మనుషులకూ అంటుతుంది. మనవాళ్లు ఎలుక జ్వరం అనేది ఇదే. టైగర్ గేటు దాటకపోవచ్చు, ఎలుకలు గేటు దాటకుండా ఉంటాయా? మీ పెరట్లో కొబ్బరి మట్టల కింద ఎన్ని ఎలుకలున్నాయో నేను చూశాను. ఈ టీకా బలం ఏడాదికి మించి నమ్మలేం. వానలు పడకముందే, మే నెలాఖరుకల్లా వేయించెయ్యి.

ఇక డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్. ఇవి కుక్కలకి వైరస్‌ల వల్ల వచ్చే జబ్బులు. ఈ మూడింటికీ వాడేవి బలహీనపరిచిన బతికున్న వైరస్ టీకాలు. వీటిని ఒళ్లు చాలా ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది. పిల్లప్పుడు కోర్సు పూర్తయి, ఆ తర్వాత బూస్టర్ కూడా పడిన కుక్కకి మూడేళ్లకోసారి కంటే తరచుగా ఇవి వేయనక్కర్లేదని కుక్కలు, పిల్లుల్లాంటి చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ చెబుతోంది. వయసు మీద పడినంత మాత్రాన ఆ గుర్తు చెరిగిపోదు. టైగర్‌కి పిల్లప్పుడు అన్నీ సరిగ్గా పడ్డాయి కాబట్టి ఈ మూడింటి గురించి టెన్షన్ పడకు. చివరిసారి ఎప్పుడు వేశారో పుస్తకంలో చూసి, అక్కడి నుంచి మూడేళ్లు లెక్కపెట్టు.

చిక్కెక్కడంటే, మన దగ్గర ఇవన్నీ కలిపి సెవెన్ ఇన్ వన్ అనో నైన్ ఇన్ వన్ అనో ఒకే సూదిగా వేస్తారు. చాలా కంపెనీల ప్యాక్‌లో రెండు చిన్న సీసాలుంటాయి. పొడి సీసాలో ఉండేది డిస్టెంపర్, పార్వో వగైరా. నీళ్ల సీసాలో ఉండేది లెప్టో. ఆ నీళ్లతోనే పొడిని కలుపుతారు. కాబట్టి డాక్టరు గారిని మర్యాదగా అడుగు, "ఈ ఏడు లెప్టో ఒక్కటే వేయడానికి వీలవుతుందా అండీ?" అని. విడిగా దొరికితే మంచిదే. దొరక్కపోతే మొత్తం సూదే వేయించు. లెప్టో మానేయడం కన్నా అదే మేలు.

రేబిస్ సీసాల్లో కొన్నింటి మీద మూడేళ్లని రాసి ఉంటుంది. అయినా ఏటా వేయించు. మన వీధుల్లో రేబిస్ తిరుగుతూనే ఉంది, లక్షణాలు బయటపడ్డాక దానికి మందు లేదు. ఏటా జులై 6న జూనోసిస్ దినమని, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల దినమని, పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ తేదీ పెట్టుకుంటే మర్చిపోవు. టైగర్‌ని ఎప్పుడైనా వీధికుక్క కరిస్తే, టీకా ఉందిలే అని ఊరుకోకుండా పుండుని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. చేతికి తొడుగు వేసుకుని కడుగు. నిన్నే కుక్క కరిస్తే, అది మన టైగరే అయినా సరే, అలాగే కడుక్కుని పెద్దాసుపత్రికి వెళ్లు.

నువ్వు సందులోంచి తెచ్చుకున్న నల్ల కుక్క సంగతి వేరు. దానికి నాలుగేళ్లుంటాయన్నావు. ముందు ఏం పడ్డాయో తెలియనప్పుడు ఏదీ పడలేదనే లెక్క. పెద్ద కుక్క కాబట్టి కుక్కపిల్లలకి వేసినట్టు మూడు నాలుగుసార్లు అక్కర్లేదు. డిస్టెంపర్, పార్వోలకి ఒక డోసుతోనే ఒళ్లు అందుకుంటుంది. లెప్టో మాత్రం రెండు నుంచి నాలుగు వారాల తేడాలో రెండు డోసులు పడాలి, ఒక్కటి వేసి ఆపేస్తే వేయనట్టే. రేబిస్ ఇప్పుడొకటి, ఆపైన ఏటా. టైగర్‌కైనా లెప్టో చాలాకాలం తప్పిపోయి ఉంటే మళ్లీ రెండు డోసులతోనే మొదలుపెట్టాలి.

సూది వేయించే రోజు టైగర్ వయసు గుర్తుపెట్టుకో. జ్వరం, నీరసం, విరేచనాలు ఉంటే ఆ రోజు వద్దు. పిడుదులు ఎక్కువగా పట్టి ఉంటే ముందు రక్తపరీక్ష చేయించు. పిడుదుల జ్వరానికి మన దగ్గర టీకా లేదు, అది లోపల ఉండగా సూది వేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. తొమ్మిదేళ్లు దాటాక ఏడాదికోసారి కిడ్నీ, లివర్ పరీక్ష కూడా చేయించడం నా అలవాటు. మీకు దగ్గర్లోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పెద్ద అనుమానమేదైనా వస్తే అక్కడికి తీసుకెళ్లు.

రేబిస్, మిగతావి ఒకే రోజు వేయొచ్చంటారు. నిజమే. కానీ టైగర్ చిన్న జాతి, పైగా ముసలివాడు. నేనైతే రెండు వారాలు ఎడం ఇస్తాను, వేరే రోజుల్లో వేయిస్తే అంతకన్నా తక్కువ ఎడం మంచిది కాదు. సూది అయ్యాక వెంటనే బండెక్కించకు, అరగంట అక్కడే చెట్టు కింద కూర్చోబెట్టు. ముఖం వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, వాంతి చేసుకున్నా, కళ్లు తేలవేసినా ఒక్క క్షణం ఆగకుండా లోపలికి తీసుకెళ్లు. ఆ రాత్రి కొంచెం మగతగా ఉండి తక్కువ తింటే కంగారు పడకు, మర్నాటికి సర్దుకుంటుంది.

ఒకవేళ మందుల షాపులో టీకా కొని తీసుకెళ్లాల్సి వస్తే ఐస్ బాక్సులోనే తీసుకెళ్లు, ఐస్‌కి సీసా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టు. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. రాత్రంతా కరెంటు పోయిన షాపులో కొనకు. డాక్టరు గారి ఫ్రిజ్‌లోంచి తీసి వేస్తే ఇంకా నిశ్చింత.

సంక్రాంతికి టైగర్‌నీ తెస్తానన్నావు. కోతలయ్యాక కళ్లాల దగ్గర ఎలుకలు విపరీతంగా ఉంటాయి. టైగర్‌కి లెప్టో ఎప్పుడు పడిందో ఈ రోజే చూడు. ఏడాది దాటి ఉంటే డిసెంబరు మొదట్లోనే వేయించి, ఒంటికి పట్టాక తీసుకురా. టీకా పుస్తకంలో అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, తేదీలు నేను లెక్కకట్టి చెబుతాను.

పెదనాన్న