కొండదారిలో సైకిళ్లపై గుంపుగా వెళ్తున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, ఫ్రెండ్స్ ఆరుగురం కలిసి రెండు రోజుల మౌంటెన్ బైకింగ్ ట్రిప్ అనుకున్నాం. మిగతా ఐదుగురూ ఎప్పట్నుంచో తొక్కుతున్నవాళ్లు, నేను ఈమధ్యే మొదలుపెట్టాను. ఇంతకుముందు ఓసారి వాళ్లతో వెళ్తే రోజంతా వెనకే ఉండిపోయాను. పాపం పైన ఆగి ఎదురుచూస్తారు, కాదనను. కానీ నేను రొప్పుతూ వెళ్లి చేరగానే "ఆ, వచ్చేశావా, పద పద" అంటూ బయల్దేరిపోతారు. ఈసారి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మానేయమంటారా? – ఓ పాఠకురాలు

జవాబు: మానేయొద్దండీ. నెమ్మదిగా తొక్కడంలో మీ తప్పేమీ లేదు, వాళ్లు ఆగుతున్న పద్ధతే బాగాలేదు. ఒక్కసారి ఆలోచించండి, ముందు చేరినవాళ్లు కూర్చున్నారు, నీళ్లు తాగారు, ఏదో నమిలారు, ఫొటోలు దిగారు, ఆయాసం తీరింది. అందరికంటే ఎక్కువ అలిసిపోయి వచ్చిన మీకు మాత్రం ఒక్క నిమిషం కూడా దక్కలేదు. ఇలా నాలుగైదు ఎత్తులు ఎక్కేసరికి మీ కాళ్లలో సత్తువ ఉండదు, ఆ తర్వాత వచ్చే దిగుడులో చూపు ముందు చక్రం దగ్గరే ఆగిపోతుంది, బ్రేక్ మీద వేలు ఆలస్యంగా పడుతుంది. చాలామంది పడేది సరిగ్గా అప్పుడే. అందుకే దీన్ని ఏదో మర్యాదకి సంబంధించిన చిన్న విషయంలా వదిలేయకండి.

బయల్దేరకముందే అందరితో ఒక్క మాట ఒప్పించండి: ఆఖర్న వచ్చినవాళ్లు ఊపిరి తీసుకుని, నీళ్లు తాగి, వాళ్లంతట వాళ్లు "పదండి" అన్నాకే గుంపు కదలాలి. ఇంకే రూలూ పెట్టుకోకపోయినా ఇది మాత్రం పెట్టుకోండి. నోటితో చెప్పడానికి మొహమాటంగా ఉంటే పై పేరా తీసి మీ గ్రూప్‌లో పెట్టేయండి. ముందు తొక్కేవాళ్లకి వెనక ఏం జరుగుతోందో కనబడదు, అంతకుమించి వాళ్ల మనసులో ఏమీ ఉండదు. చెబితే మారతారు, మారే ఉంటారు చాలా గుంపుల్లో.

రూట్ ఎంచుకునేటప్పుడు కూడా మీరు మాట్లాడాలి. అందరూ కిలోమీటర్లే చూస్తారు, మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో చూడరు. 20 కిలోమీటర్లే కదా అనుకుని వెళ్తే అందులో 800 మీటర్ల ఎత్తు ఉండొచ్చు, అది చదునుగా ఉండే 40 కిలోమీటర్ల కంటే కష్టం. చాలా దేశాల్లో ట్రెయిల్స్‌కి రంగులు పెడతారు, ఆకుపచ్చ తేలిక, నీలం దానికంటే కాస్త కష్టం, నలుపు బాగా అనుభవం ఉన్నవాళ్లకి. గుంపు మొత్తం కలిసి తొక్కే భాగాన్ని మీకు వచ్చిన రంగులోనే ఉంచమనండి. మరీ ఉబలాటపడేవాళ్లు ఉంటే బయల్దేరిన చోటుకే తిరిగొచ్చే చిన్న చిన్న చుట్లుగా ప్లాన్ చేసుకోండి, మీరు కూర్చుని రెస్ట్ తీసుకునేలోపు వాళ్లు ఇంకో చుట్టు వేసి వస్తారు, ఎవరికీ లోటు ఉండదు.

దారిలో ఎవరు ఎక్కడ ఉండాలన్నది కూడా ముందే అనుకోవాలి. ముందు దారి తెలిసినవాళ్లు ఒకరు, ఆఖర్న బాగా తొక్కగలిగి, రిపేర్ కూడా వచ్చినవాళ్లు ఒకరు. ఆ ఆఖరి మనిషికి వెనక ఇంకెవరూ ఉండకూడదు, ఎంత నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చినా సరే. దారి చీలిన ప్రతిచోటా, లీడర్ వెనకే వస్తున్న మనిషి ఆగి, ఆఖరి మనిషి కంటికి కనబడేదాకా అక్కడే నిలబడాలి. తర్వాతి చీలిక దగ్గరికి వచ్చేసరికి లీడర్ వెనక ఇంకొకరు ఉంటారు కాబట్టి ఆగే వంతు దానంతటదే మారుతుంది. ఇది చూడ్డానికి అతిగా అనిపిస్తుంది కానీ ఫోన్ సిగ్నల్ లేని చోట మనిషి తప్పిపోతే సగం రోజు వెతకడానికే పోతుంది. ఆఖర్న ఉండే పని మాత్రం రోజంతా ఒకరి నెత్తినే పెట్టకండి, మధ్యాహ్నం మార్చుకోండి, లేకపోతే వాళ్ల ట్రిప్ పాడవుతుంది.

ఇక మీ వైపు నుంచి చేయాల్సింది ఒకటే, ఎక్కేటప్పుడు వాళ్లని అందుకోవాలని చూడకండి. పక్కవాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగే వేగంలో తొక్కండి, ఆకలేయకముందే కొంచెం కొంచెం తింటూ ఉండండి, మరీ నిటారుగా ఉన్నచోట దిగి నడిపించుకుంటూ వెళ్లండి. అనుభవం ఉన్నవాళ్లు కూడా దిగి నడుస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: పెద్ద దిగుడు దిగేటప్పుడు నా చేతులు పట్టేస్తున్నాయి. పోయినసారి సగం దిగేసరికి కాలిన వాసన వచ్చి బ్రేక్ పట్టు తగ్గిపోయింది. ప్యాడ్లు కొత్తవే. ముందు బ్రేక్ ముట్టుకుంటే పల్టీ కొడతావని మా వాళ్లు భయపెట్టడంతో వెనక బ్రేకే వాడుతున్నాను. తప్పు ఎక్కడుంది? – ఓ పాఠకుడు

జవాబు: మీవాళ్లు ఇచ్చిన సలహాలోనే ఉందండీ. బ్రేక్ వేయగానే మీ బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అంటే బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. దాన్ని వదిలేసి వెనకదాన్నే దిగినంతసేపూ నొక్కి పట్టుకుంటే ఆ ఒక్క డిస్క్ మీదే వేడంతా పడుతుంది, చల్లారే టైమ్ ఉండదు, ప్యాడ్ జారడం మొదలవుతుంది. హైడ్రాలిక్ బ్రేక్ అయితే లోపలి ఆయిల్ కూడా అతిగా వేడెక్కి, నొక్కితే బ్రేక్ లివర్ హ్యాండిల్ దాకా వచ్చేయొచ్చు. పైగా వెనక చక్రం లాక్ అయి ఈడ్చుకుపోతే ట్రెయిల్ కూడా గాడి పడి పాడవుతుంది.

ఈ వేడి గొడవ మౌంటెన్ బైకింగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, రీప్యాక్ అని పిలిచే నిటారు మట్టిదారిలో కొందరు స్నేహితులు పాత లావు టైర్ల సైకిళ్ల మీద మొదటి రేసు పెట్టుకున్నారు. పెడల్‌ని వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటికి. కిందికి చేరేసరికి చక్రం మధ్యలోని గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్లీ గ్రీజు నింపుకుంటే గానీ ఇంకోసారి దిగడానికి కుదిరేది కాదు. ఆ రేసుల్లో పాల్గొన్న జో బ్రీజ్ ఆ మరుసటి ఏడే ఇలాంటి దారుల కోసమే ఫ్రేమ్ తయారుచేశాడు. ఇప్పుడు మన డిస్క్ బ్రేకులు ఎంతో మెరుగు, కానీ అదేపనిగా నొక్కితే అవీ ఓడిపోతాయి.

ఇలా చేయండి. దిగుడు మొదలుకాకముందే సీటు బాగా దించేయండి. పెడల్స్ రెండూ సమానంగా, మడమలు కిందికి, మోచేతులు, మోకాళ్లు వంచి, నడుము కొంచెం వెనక్కి. చేతులు బిగుసుకుని సీటు ఎత్తుగా ఉన్నప్పుడు ముందు బ్రేక్ ఒక్కసారిగా పీకితేనే పల్టీ కొడతారు, ఈ భంగిమలో రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగిస్తే బండి చక్కగా ఆగుతుంది. చూపుడువేలు ఒక్కటే లివర్ మీద, మిగతా వేళ్లన్నీ హ్యాండిల్‌ని పట్టుకోవడానికి. లివర్‌ని కాస్త లోపలికి జరిపి ఆ వేలు దాని చివర పడేలా బిగించుకోండి, తక్కువ బలంతో పనవుతుంది, చేతుల నొప్పి సగం అక్కడే తగ్గుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించేసి, మలుపులో వదిలేయండి. గట్టిగా పట్టి వదలడం, గట్టిగా పట్టి వదలడం, డిస్క్ ఆ మధ్యలో చల్లారుతుంది. దిగగానే డిస్క్‌ని చేత్తో ముట్టుకోకండి, చర్మం ఊడుతుంది. చైన్‌కి కొట్టే ఆయిల్ స్ప్రే దాని దరిదాపులకి కూడా రానివ్వకండి.

గుంపుగా దిగేటప్పుడు ఒకరి వెనక ఒకరు అంటుకుని పోవద్దు. ముందువాళ్లు ఆ కష్టమైన ముక్క దాటాకే తర్వాతివాళ్లు మొదలుపెట్టాలి. ఎదురుగా ఎక్కుతూ వస్తున్నవాళ్లు ఉంటే దిగేవాళ్లే ఆగి దారివ్వాలి, నడిచేవాళ్లకైతే ఎప్పుడైనా సరే మనమే ఆగాలి.

ప్రశ్న: రిపేర్ సామాను ఎవరికి వాళ్లు మోయాలా, ఒక్కరి బ్యాగులో అన్నీ పెడితే సరిపోతుందా? – ఓ పాఠకుడు

జవాబు: రెండూ. ట్యూబ్ మాత్రం ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి, ఎందుకంటే మీలో ఒకరివి 27.5 అంగుళాల చక్రాలు, ఇంకొకరివి 29 అంగుళాలు అయి ఉంటాయి. గతిలేని పరిస్థితిలో 27.5 ట్యూబ్‌ని సాగదీసి 29లో వేసుకోవచ్చు, పెద్దది చిన్నదాంట్లో వేస్తే మడతలు పడుతుంది. వాల్వులు కూడా చూసుకోండి, లావు వాల్వ్ సన్న రంధ్రం ఉన్న రిమ్‌లో దూరదు. వెనక గేర్లు మార్చే భాగాన్ని (డిరైలర్) ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ అని ఓ చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, రాయి తగిలితే ముందు విరిగేది అదే, ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, పక్కవాళ్లది మీకు పనికిరాదు. దాన్ని కొని బ్యాగులో పడేసుకోండి, బరువేమీ ఉండదు.

పంపు, మల్టీటూల్, చైన్ విప్పే టూల్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా లాంటివి గుంపు మొత్తానికి ఒకటి రెండు సెట్లు చాలు, ఒకటి తప్పకుండా ఆఖరి మనిషి దగ్గర ఉండాలి. చైన్ తెగితే కలిపే క్విక్ లింకులు 11 గేర్లవి, 12 గేర్లవి వేరువేరు, రెండు రకాలూ తెచ్చుకోండి.

పంక్చర్ పడ్డప్పుడు చాలామంది తొందరలో వదిలేసే పని ఒకటుంది. పాత ట్యూబ్ తీయగానే టైర్ లోపల వేళ్లతో మెల్లగా చుట్టూ తడమండి. వేలి చివరకి సన్నగా గీసుకున్నట్టు తగులుతుంది, అక్కడ ముల్లు మొన ఇంకా ఉంటుంది. అది పీకకుండా కొత్త ట్యూబ్ వేస్తే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. ముల్లు లేకుండా ట్యూబ్‌కి పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే గాలి తక్కువై రాయికి, రిమ్‌కి మధ్య నలిగిందని అర్థం, ఈసారి గాలి కాస్త గట్టిగా కొట్టండి.

ప్రశ్న: మాలో ఒకడు ఈ-బైక్ కొన్నాడు. మామూలు సైకిళ్లతో పాటు తెస్తే ఇబ్బందా? – ఓ పాఠకుడు

జవాబు: ఆ ట్రెయిల్‌లో ఈ-బైక్‌లని రానిస్తారో లేదో ముందు కనుక్కోండి, అన్నిచోట్లా ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఆయన్ని ముందు ఉంచకండి, ఆఖర్న ఉంచండి, బరువైన సామాన్లన్నీ ఆయనకే ఇవ్వండి. వాగులో, రాళ్లలో ఎత్తాల్సి వస్తే మాత్రం ఇద్దరు పట్టాలి, ఆ బళ్లు 20 కిలోలు దాటి ఉండడం మామూలే.

ప్రశ్న: పోయిన ట్రిప్‌లో మా ఫ్రెండ్ తల తగిలేలా పడ్డాడు. స్పృహ తప్పలేదు, వెంటనే లేచి "ఏం కాలేదు" అన్నాడు. కాసేపటికి "మనం ఎటు వెళ్తున్నాం?" అని ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగాడు. నవ్వుకున్నాం, మిగతా దారంతా తొక్కించాం. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి? – ఓ పాఠకురాలు

జవాబు: తొక్కనివ్వకూడదండీ, ఆ రోజుకి అతని సైక్లింగ్ అక్కడితో ఆపేయాలి. అడిగిందే అడగడం మెదడు అదిరిందనడానికి గుర్తు, స్పృహ తప్పకపోయినా అలా జరుగుతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లకి తమకేమైందో తెలియదు కాబట్టి "నేను బాగానే ఉన్నా" అన్న మాట మీద నిర్ణయం తీసుకోకూడదు. పడ్డవాళ్లు తొక్కాలా వద్దా అన్నది మిగతావాళ్లే తేల్చాలి, ఈ ఒప్పందం బయల్దేరేముందే అందరూ చేసుకోవాలి. అతన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబడడం, ఒక పక్క చేయో కాలో లాగేయడం, ఇందులో ఏది కనబడినా ఎమర్జెన్సీయే. మెడ నొప్పి, చేతులూ కాళ్లూ తిమ్మిరి అంటే అసలు కదపకండి, హెల్మెట్ కూడా లాగకండి, ఊపిరి ఆడనప్పుడు తప్ప.

సాయం కోసం వెళ్లేవాళ్లు ఇద్దరుగా వెళ్లాలి, ఒకరు గాయపడ్డవాళ్ల దగ్గర ఉండాలి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, ఉన్నచోటు అంకెలు రాసుకుని వెళ్లండి. విజిల్ ఉంటే నిమిషంలో 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ 6 సార్లు. కొండల్లో దాన్ని ఆపదలో ఉన్నామన్న పిలుపుగా గుర్తుపడతారు, నిమిషంలో 3 సార్లు జవాబు వస్తే ఎవరో విన్నారని అర్థం.

మీ ఫ్రెండ్‌కి ఇప్పటికీ తలనొప్పులు, నిద్ర సరిగ్గా పట్టకపోవడం, ధ్యాస నిలవకపోవడం లాంటివి ఉంటే డాక్టర్‌కి చూపించకుండా మళ్లీ ట్రిప్‌కి తీసుకెళ్లకండి. ఆరోజు పెట్టుకున్న హెల్మెట్‌ని కూడా పారేయమనండి. దెబ్బకి లోపలి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది, బయటికి గీత కూడా కనబడకపోవచ్చు, రెండోసారి అది తలని కాపాడలేదు.