గెలాక్సీకి వయసు కట్టే ముందు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దనాన్న దీవెనలు. ఎన్‌జీసీ 474 అనే గెలాక్సీ మీద పీహెచ్‌డీ చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి ఒకటే సంతోషం, వెంటే టెన్షన్. దాదాపు పదికోట్ల కాంతి సంవత్సరాల అవతల, పక్కన మరో గెలాక్సీ ఎన్‌జీసీ 470, చుట్టూ పొరలు పొరలుగా చెదిరిన నక్షత్రాలు. ఆ ఫొటో చూస్తే ఎవరికైనా కథ అల్లాలనిపిస్తుంది. నా భయమంతా అక్కడే.

డేటా శుభ్రం చేయడం, పాలపుంత ధూళికి సవరణ వేయడం నీకు తెలిసినవే. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్‌లో 2018 నుంచి ఎన్‌యూవీ (మామూలు వెలుగుకి దగ్గరి అతినీలలోహితం) చానెల్ పనిచేయడం లేదు, అది నాసా అతినీలలోహిత టెలిస్కోపు గాలెక్స్ పాత డేటాలో వెతుక్కో.

గాలెక్స్ కొత్తలో మా దగ్గర చురుకైన కుర్రాడొకడు ఉండేవాడు. ఒక ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు) గెలాక్సీ నడుమ అతినీలలోహిత కాంతి కనబడగానే, పొరుగు గెలాక్సీ తాకిడికి కొత్త నక్షత్రాలు పుట్టాయని థీసిస్‌లో ఒక అధ్యాయమే రాసేశాడు. పరీక్షకుడు ఒక్కటే అడిగాడు: "ఇవి ముసలి నక్షత్రాలు కావని ఎలా చెప్తావు?" పైపొరలు చాలావరకు పోయి, లోపల హీలియం మండుతున్న ముసలి నక్షత్రాలూ అంత వేడిగా వెలుగుతాయి. 1968లో ఎగిరిన ఓఏఓ-2 ఉపగ్రహం ఆండ్రోమెడా గెలాక్సీ నడిబొడ్డులో ఆ కాంతిని ఎప్పుడో పట్టింది. వీడి గెలాక్సీలో ఎఫ్‌యూవీ (దూరపు అతినీలలోహిత) వెలుగు, మామూలు వెలుగులాగే, నడుమ నుంచి అంచుకి నున్నగా తగ్గుతోంది. ఎక్కడా ముద్దలు కట్టలేదు, కొత్త నక్షత్రాల చుట్టూ హైడ్రోజన్ ఇచ్చే ఎర్రటి వెలుగు హెచ్-ఆల్ఫా లేదు, చల్లటి వాయువు లేదు. ఆధారాలన్నీ వాడి టేబుల్ మీదే ఉన్నాయి. అధ్యాయం తీసేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత ఈ రంగమే వదిలేశాడు. అంత తెలివైన పిల్లాడు.

నీకూ చిన్నప్పటి నుంచి జవాబు ముందు రాసేసి, స్టెప్పులు తర్వాత నింపే అలవాటు. ఎన్ని మొట్టికాయలు తిన్నావో! ఇక్కడ ఆ పని చేయకు. ఎన్‌యూవీ మైనస్ ఆర్, అంటే ఎన్‌యూవీ వెలుగుకీ ఎర్రటి వెలుగుకీ మధ్య ప్రకాశ తేడా, 5.5 కంటే తక్కువ వస్తేనే కొత్త నక్షత్రాల మాట ఎత్తు. వచ్చినా గెలాక్సీ మొత్తం కుర్రదని అనకు. గంపెడు కనకాంబరాల్లో ఒక్క సంపెంగ పడ్డా వాసన దానిదే కదా. ద్రవ్యరాశిలో ఒక్క శాతం కొత్తవున్నా అతినీలలోహితమంతా వాటిదే అయిపోతుంది. వయసు కట్టడానికి స్పెక్ట్రంలో (విడదీసిన కాంతిపట్టీలో) చూసే హైడ్రోజన్ నల్ల గీత హెచ్-బీటాని ఒంటరిగా నమ్మకు, వాయువు వెలుగు దాన్ని పూడ్చేసి గెలాక్సీని ఉన్నదానికంటే ముసలిదిగా చూపిస్తుంది. హైడ్రోజన్‌దే మరో గీత, హెచ్-డెల్టా కూడా కొలువు.

రాత్రిళ్లు తిండి మానేసి కూర్చోకు, తల్లీ. మొదటి డ్రాఫ్ట్ మీ గైడ్‌కి ఇచ్చే ముందు నాకు పంపు. బొమ్మలొక్కటే కాదు, స్పెక్ట్రాలు కూడా.

పెద్దనాన్న