మాత్రలు ఆపకు తల్లీ

చి.ల.సౌ. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ పేగుపూతతో (అల్సరేటివ్ కొలైటిస్) నాకు కడుపు నిలుస్తుందా అని అడిగావు. నిలుస్తుంది. జబ్బు అణిగి ఉన్నప్పుడు నెల తప్పే అవకాశం మిగతా ఆడవాళ్లకు ఎంతో నీకూ దాదాపు అంతే. పెద్దపేగు తీసేసే ఆపరేషన్ అయినవాళ్లకు లోపల అతుకులు పడి ఆలస్యం కావచ్చు. నీకు ఆ అవసరం రాలేదు కదా.

నన్ను భయపెట్టింది నువ్వు రాసిన ఇంకో మాట. నెల తప్పగానే మందులన్నీ ఆపేస్తానన్నావు. నేనూ అదే చేశాను. మొదటి కాన్పప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు కాగితంలో చుట్టి బియ్యం డబ్బా వెనక పడేశాను. బిడ్డకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అయిదో నెల దాటాక మళ్లీ రక్తం, జిగట. రాత్రికి ఏడెనిమిది సార్లు లేచేదాన్ని. గోడ పట్టుకుని నడుస్తుంటే లోపల బిడ్డ కదిలేవాడు, నాకు ఏడుపు ఆగేది కాదు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. పుట్టినప్పుడు మీ అన్నయ్య బరువు 1.8 కిలోలు. రెండో కాన్పుకు ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. మీ అక్క నెలలు నిండి పుట్టింది.

ఆ మందుకన్నా రగులుతున్న పేగే బిడ్డకు ఎక్కువ చేటని డాక్టరమ్మ అప్పుడు చెబితే గానీ నాకు తెలియలేదు.

అందుకే తొందరపడకు. స్టెరాయిడ్లు లేకుండా కనీసం 3 నెలలు, వీలైతే 6 నెలలు పేగు నెమ్మదిగా ఉన్నాక ప్రయత్నించండి. విరేచనాలు తగ్గాయి కదా అని సరిపెట్టుకోకుండా మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించుకో, పేగులో వాపు ఎంతుందో అది చెబుతుంది. గర్భంతో ఉన్నప్పుడూ అది పనికొస్తుంది. మెసలమైన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ సాధారణంగా కొనసాగిస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రం బిడ్డకు అవకరాలు తెస్తుంది, కనీసం 3 నెలల ముందే మానాలి. టోఫాసిటినిబ్ వాడుతుంటే అదీ డాక్టరుకు ముందుగానే చెప్పు. ఏది మార్చినా డాక్టరే మార్చాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టు. సల్ఫాసలజైన్ వాడేవాళ్లకు దాని మోతాదు పెంచుతారు.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. నీకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిస్తున్నారు కదా, అది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు. చివరి నెలల్లో అది మాయ దాటి బిడ్డ రక్తంలో చేరి, పుట్టాక కూడా నెలల తరబడి ఉంటుంది. మన దగ్గరేమో పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేసేస్తారు. అది బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకా, అలాంటి బిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. కనీసం 6 నెలలు, డాక్టరు చెబితే ఏడాది నిండేదాకా వేయించకూడదు. పురుటి హడావిడిలో నీకు గుర్తుండదు. ఈ పని అల్లుడికి అప్పగించు. కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాయించమను. పాలిచ్చే విషయంలో బెంగపడకు, మెసలమైన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతూ పాలు ఇవ్వవచ్చు.

పేగుల డాక్టరు, కాన్పుల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడు. కాల్‌ప్రొటెక్టిన్ రిపోర్టు రాగానే ఫోను చెయ్యి. నెల తప్పాక వాంతులతో మాత్ర మింగలేకపోతే ఆ రోజే చెప్పు, బస్సెక్కి వచ్చేస్తాను.

మీ పెద్దమ్మ